మునగకముందే మూట కట్టండి

కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో సంగమేశ్వరుడి గుడి ఉండేది. శ్రీశైలం జలాశయం నిండితే అది మునుగుతుందని తేలింది. దాంతో రాళ్లు విప్పి అలంపురం తరలించి, గుడిని మళ్లీ నిలబెట్టారు. పాత పాలమూరు జిల్లాలో, ఇప్పటి జోగులాంబ గద్వాలలో, ఆ గుడిని నేటికీ చూడొచ్చు. నీళ్లు గడప తాకాక మొదలుపెట్టే పని కాదది.

లైనక్స్‌లో ఉబుంటు తీసి డెబియన్ వేద్దామనుకుంటున్నారా? మింట్ నుంచి ఫెడోరాకు పోదామనుకుంటున్నారా? ‘ఫార్మాట్’ నొక్కాక వచ్చేదీ వరదే.

ఒకసారి నేనూ తొందరపడ్డాను. ఫొటోలు, పాటలు, పత్రాలు బయటి హార్డ్‌డిస్కుకు ఎక్కించి, ధీమాగా పాత సిస్టం తుడిచేశాను. తెల్లారి మెయిళ్ల ప్రోగ్రాం థండర్‌బర్డ్ తెరిస్తే ఏళ్లనాటి మెయిళ్లు లేవు. అవి హోమ్ ఫోల్డర్లోనే, పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లో ఉండేవి. అలాంటివి మామూలుగా కంటికి కనబడవు. ఇల్లంతా సర్దాను, అటక మరిచాను.

అటక చూడండి. ఫైల్ మేనేజర్‌లో సాధారణంగా కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగినవి బయటపడతాయి. మెయిళ్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, మీరు వేసుకున్న తెలుగు ఫాంట్లు అక్కడ ఉండొచ్చు.

తెరిచి చూడండి. ‘కాపీ అయింది’ అన్న మాట నమ్మి ఊరుకోవద్దు. నాలుగు ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌లో తెరవండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పెళ్లి వీడియో అక్కడే ఆగిపోతుంది.

అడుగుపెట్టి చూడండి. కొత్త ఇంట్లో దిగేముందు నల్లా తిప్పి చూడమా? ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ యూఎస్‌బీతో కొత్త డిస్ట్రోను, అంటే కొత్త లైనక్స్ రకాన్ని, ఓ పూట నడిపించండి. వైఫై, ప్రింటర్, తెలుగు కీబోర్డు పనిచేస్తే సగం దిగులు తీరినట్టే.

గడి దగ్గర ఆగండి. మీ హోమ్ ఫోల్డర్ వేరే పార్టిషన్‌లో, అంటే డిస్కులో విడి భాగంలో, ఉంటే అదృష్టవంతులు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని హోమ్‌గానే చూపించి, దాని పక్కనున్న ఫార్మాట్ గడిలో టిక్ పెట్టకుండా వదిలేయండి. అయినా బ్యాకప్ తప్పదు. ఒక్క టిక్కు తప్పుగా పడితే చాలు, అంతా పోతుంది.

ఉద్యోగం మారినా, ఊరు మారినా గుండె దడే. ఆ దడలో సగం, మనదేదో లెక్క రాసుకోకపోవడం వల్ల వచ్చేదే. అందుకే ఈ ఆదివారం ఓ కాగితం తీసుకోండి. పోతే తిరిగిరానివి వరసగా రాయండి. ఒక్కొక్కటీ రెండు చోట్ల చేరాక టిక్కు పెట్టండి. అన్ని టిక్కులూ పడ్డాకే ఇన్‌స్టాల్ మీద చెయ్యి వేయండి.

డెబియన్ రేపైనా ఉచితంగా దొరుకుతుంది. ఫోన్లో రికార్డు చేసిన నాయనమ్మ గొంతు దొరకదు.