పట్టేసిన ట్రాక్టరు ఇంజను: తాడు కట్టి లాగకండి

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని జగర్గుండా చుట్టుపక్కల వరికి వానే ఆధారం కాబట్టి తొలి పదునుకే దుక్కి పడాలి. కొట్టంలో ఏళ్లుగా పడున్న పాత ట్రాక్టరు మీదికి చూపు పోయేది అప్పుడే. మెకానిక్కు కోసం దోర్నాపాల్ పోవాలంటే 56 కిలోమీటర్లు. అంత దూరం పోయేముందు ఇంటి దగ్గర చేసుకోగల పని చాలానే ఉంది.

ముందు బ్యాటరీ తీగ ఊడదీయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంకు పుల్లీ నట్టుకు పానా వేసి తిప్పండి. తిరిగితే ఇంజను పట్టేయలేదు, తప్పు బ్యాటరీదో సెల్ఫుదో. తిరగకపోతే బండి ఎలా ఆగిందో గుర్తు చేసుకోండి. రేడియేటర్లో నీళ్లు లేక, పొలంలో వేడెక్కి ఆగిందా? పిస్టను గీసుకుపోయి లైనరును పట్టేసి ఉంటుంది. దానికి నూనె మందు కాదు, ఇంజను విప్పాల్సిందే. బాగా నడిచిన బండి నిలబెట్టాక పట్టేసిందంటే అది తుప్పు. మూతలేని సైలెన్సరులోంచి వాననీరు దిగి, తెరిచి ఉన్న వాల్వు దాటి సిలిండర్లో చేరుతుంది. ఇలాంటిది చాలాసార్లు విడుతుంది.

సంపు బోల్టు వదులు చేసి చూడండి. ముందు నీళ్లు కారితే ఆయిలంతా తీసేయండి. నాజిళ్లు విప్పి, డీజిలు, పవర్ స్టీరింగ్ ఆయిలు సగం సగం కలిపి సిలిండరుకు చిన్న గ్లాసుడు పోయండి. రంధ్రాలకు గుడ్డ కుక్కండి. పూటకోసారి పానాతో అటు కాస్త, ఇటు కాస్త తిప్పండి. వెంట్రుకవాసి కదిలినా పని అవుతున్నట్టే. పానాకు పొడుగు పైపు తొడిగి వేలాడితే నట్టు తెగుతుంది. ఇంకో బండికి కట్టి లాగమని ఊరంతా చెబుతుంది, వినకండి. చక్రాల బలమంతా పట్టేసిన పిస్టను మీద పడి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వెయ్యితో పోయే ఖర్చు పదివేలు దాటుతుంది.

కదిలాక తొందర వద్దు. రాకరు కవరు విప్పి, వాల్వులు లేచి దిగుతున్నాయో లేదో చూడండి. గుడ్డలు తీసి, నాజిళ్లు లేకుండానే చేత్తో కొన్ని చుట్లు తిప్పి, సంపు ఖాళీగా ఉంటే ఆయిలు పోసి, బ్యాటరీ తీగ మళ్లీ తగిలించి, పక్కకు నిలబడి సెల్ఫు కొట్టండి. లోపలి నూనె బయటికి చిమ్ముతుంది. అది లోపలే ఉండగా నాజిళ్లు బిగిస్తే మళ్లీ రాడ్డుకే చేటు. ఆయిలు, ఫిల్టరు, ట్యాంకులో పాత డీజిలు మార్చి, లైన్లో గాలి తీయండి. మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు మిగిలిన నూనెతో ఇంజను అదుపు తప్పి పరుగెత్తవచ్చు. గాలి గొట్టం మూయడానికి చెక్క ముక్క దగ్గర పెట్టుకోండి, అరచెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి.

వారం నానబెట్టినా కదలకపోతే హెడ్డు విప్పే పని మెకానిక్కుకే వదిలేయండి. ఈ కారు దుక్కికి మాత్రం దాన్ని నమ్ముకోకుండా కిరాయి బండి మాట్లాడుకోండి, లేదా ఎద్దులను కట్టండి. బండి బాగానే ఉన్నవాళ్లు, నిలబెట్టిన బండి సైలెన్సరు మీద ఈరోజే ఓ డబ్బా బోర్లించండి.