ఒకే భూకంపం, రెండు నమోదులు: పైథాన్ లిస్టులో డూప్లికేట్లను తొలగించడం ఎలా?

2001 జనవరి 26న ఉదయం 8.46కి గుజరాత్‌లోని భుజ్ ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. దాని తీవ్రతను భారత వాతావరణ శాఖ 6.9గా, అమెరికా సంస్థ యూఎస్‌జీఎస్ 7.7గా లెక్కగట్టాయి. లెక్కలు రెండు, భూకంపం ఒక్కటే. ఇలాంటి పట్టికలను కలిపినప్పుడు ఒకే భూకంపం రెండుసార్లు లెక్కలోకి వస్తే, అక్కడ భూకంపాలు ఎంత తరచుగా వస్తాయన్న అంచనాయే తప్పుతుంది.

పైథాన్‌లో ఒక్కో నమోదును ఒక డిక్షనరీగా రాయవచ్చు. అందులో సమయం, అక్షాంశం, రేఖాంశం, తీవ్రత అనే కీలు, వాటికి విలువలు ఉంటాయి. ఈ డిక్షనరీలన్నీ ఒక లిస్టులో ఉంటాయి. లిస్టును సెట్‌గా మారిస్తే డూప్లికేట్లు పోతాయి కదా అనుకుంటాం. సంఖ్యల లిస్టుకైతే పోతాయి. డిక్షనరీలకు మాత్రం టైప్ ఎర్రర్ వస్తుంది. సెట్ తనలో చేరే ప్రతిదాన్నీ హాష్ అనే సంఖ్య ఆధారంగా వెతుకుతుంది. డిక్షనరీలోని విలువలు ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి పైథాన్ దానికి హాష్ ఇవ్వదు.

దీనికి మార్గం ఇది:

1. ‘చూసినవి’ అనే ఖాళీ సెట్, ‘ఫలితం’ అనే ఖాళీ లిస్టు తీసుకోండి.
2. ప్రతి డిక్షనరీ నుంచి సమయం, అక్షాంశం, రేఖాంశం తీసి టపుల్‌గా చేయండి. టపుల్ మారదు, కాబట్టి సెట్‌లో ఇముడుతుంది.
3. ఆ టపుల్ ‘చూసినవి’లో లేకపోతే దాన్ని అందులోనూ, డిక్షనరీని ‘ఫలితం’లోనూ చేర్చండి. ఉంటే వదిలేయండి.

10,000 నమోదుల్లో ప్రతి జతనూ పోల్చితే దాదాపు 5 కోట్ల పోలికలు అవుతాయి. ఈ పద్ధతిలో 10,000 సార్లు వెతికితే చాలు.

అచ్చంగా ఒకేలా ఉన్న నమోదులకు ఇది సరిపోతుంది. భుజ్ లాంటి వాటికి సరిపోదు. టపుల్‌లో తీవ్రతను కూడా చేరిస్తే ఆ భూకంపం రెండుగానే మిగులుతుంది. ఒక పట్టికలో భారత కాలమానం ప్రకారం 8.46, మరోదానిలో యూటీసీ ప్రకారం 3.16 ఉన్నా అంతే. అందుకే ముందు అన్ని సమయాలనూ ఒకే కాలమానంలోకి మార్చాలి.

అప్పటికీ సెకన్లలో, అక్షాంశ రేఖాంశాల్లో కొద్దిపాటి తేడాలుంటాయి. సెకన్లు వదిలేసి నిమిషాలే చూద్దామంటే, 8.46.59, 8.47.01 వేర్వేరు నిమిషాల్లో పడతాయి. దీనికన్నా నమోదులను సమయం ప్రకారం వరుసలో పెట్టి, దగ్గరదగ్గరగా ఉన్నవాటి మధ్య ఎన్ని సెకన్లు, ఎన్ని కిలోమీటర్ల తేడా ఉందో చూడటం మేలు. అయితే హద్దు మరీ పెద్దదైతే, ప్రధాన భూకంపం వెంటనే వచ్చిన నిజమైన ప్రకంపనలు కూడా డూప్లికేట్లుగా ఎగిరిపోతాయి.

కాబట్టి తొలగించినవాటిని పారేయకుండా వేరే లిస్టులో ఉంచి, ఒకసారి స్వయంగా పరిశీలించండి. రెండు నమోదులు ఒకే సంఘటనవా కాదా అన్నది పైథాన్‌కు తెలియదు. అది నిర్ణయించాల్సింది మనమే.