గ్రీకు దీవుల్లో సెలవులు: దోమకాటును తప్పించుకునే శాస్త్రం

జులై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రంలోని దీవుల మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. మధ్యాహ్నం వేళ అది బాగా జోరుగా ఉంటుంది. దోమ బరువు రెండు, మూడు మిల్లీగ్రాములే. అది ఎగిరే వేగం గంటకు రెండు, మూడు కిలోమీటర్లకు మించదు. కాబట్టి గాలి కొట్టే ఇసుక తీరంలో దోమల బెడద పెద్దగా కనిపించదు. పొద్దు వాలి గాలి తగ్గాక, గోడలు చుట్టూ ఉన్న వాకిళ్లలో, పూలకుండీల మధ్య వేసిన భోజనాల బల్లల దగ్గర పరిస్థితి మారిపోతుంది. అందుకే నాక్సోస్, క్రీట్, రోడ్స్ వంటి దీవులకు వెళ్లేవారు దోమ ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎందుకు వస్తుందో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

దోమలంటే గ్రీస్‌కు కొత్త కాదు. వైద్యశాస్త్ర పితామహుడిగా పేరొందిన హిపోక్రటీస్ పుట్టింది కోస్ దీవిలోనే. రోజు విడిచి రోజు వచ్చే జ్వరాల గురించి, బురదనేలల దగ్గర నివసించేవారిలో ఉబ్బే ప్లీహం గురించి ఆయన పేరుతో ఉన్న గ్రంథాల్లో ప్రస్తావన ఉంది. అయితే కారణం దోమ అని అప్పట్లో ఎవరికీ తెలియదు. అది తేలడానికి 1897 ఆగస్టు 20 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశారు. అదే రాస్ 1906లో గ్రీస్ వెళ్లి కోపాయిస్ సరస్సు ప్రాంతంలో మలేరియాను పరిశీలించారు. దశాబ్దాల కృషి తరువాత 1974లో గ్రీస్ మలేరియా నుంచి బయటపడింది.

రెండు దోమలు, రెండు వేళలు

ఇప్పుడు అక్కడ ముఖ్యంగా రెండు రకాల దోమలతో జాగ్రత్త పడాలి. ఒకటి క్యూలెక్స్. ఇది గోధుమ రంగులో ఉంటుంది, చీకటి పడ్డాక కుడుతుంది, చెవి దగ్గర గుయ్‌మంటూ నిద్ర చెడగొడుతుంది. రెండోది ఆసియా టైగర్ దోమ. నల్లని ఒంటి మీద తెల్లని చారలుంటాయి. ఇది పగటి పూట, ముఖ్యంగా ఉదయం, సాయంత్రం కుడుతుంది. ఆగ్నేయాసియాలో పుట్టిన ఈ దోమ ఐరోపాలో మొదట 1979లో అల్బేనియాలో కనిపించింది. ఆ దేశానికి ఎదురుగా ఉన్న కోర్ఫు దీవిలో 2003 ప్రాంతంలో దీన్ని గుర్తించారు. దీని గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. పాత టైర్లలో చేరి ఓడలెక్కి ఖండాలు దాటడానికి అదే కారణం.

క్యూలెక్స్ ద్వారా వెస్ట్ నైల్ వైరస్ వ్యాపిస్తుంది. 2010లో ఉత్తర గ్రీస్‌లోని మధ్య మాసిడోనియా కేంద్రంగా 262 కేసులు నమోదయ్యాయి. ఈ వైరస్ పక్షులకూ దోమలకూ మధ్య తిరుగుతుంటుంది. మనిషికి సోకినా, మరో దోమకు అంటేంత వైరస్ అతని రక్తంలో ఉండదు. సోకిన వారిలో సుమారు 80 శాతం మందికి ఏ లక్షణమూ కనిపించదు. దాదాపు 150 మందిలో ఒకరికి మాత్రం మెదడు, నాడీ వ్యవస్థ దెబ్బతింటాయి. 60 ఏళ్లు దాటిన వారికి ఈ ముప్పు ఎక్కువ. మనుషులకు దీనికి టీకా లేదు. ఈ కేసుల్లో ఎక్కువ భాగం దీవుల్లో కాక ప్రధాన భూభాగపు మైదానాల్లోనే వస్తున్నాయి. అయినా ఏథెన్స్ మీదుగా వెళ్లి అక్కడ రెండు రోజులు గడిపే వృద్ధులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దోమ మనల్ని ఎలా పట్టుకుంటుంది?

కుట్టేది ఆడ దోమే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తంలోని ప్రోటీన్లు కావాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం ఉంటే, మనం వదిలే ఊపిరిలో 4 శాతం ఉంటుంది, అంటే దాదాపు వంద రెట్లు. ఈ తేడా పొగ చారలా గాలిలో సాగుతుంది. దోమ దాన్ని దూరం నుంచే పసిగట్టి గాలికి ఎదురుగా ఎగురుతుంది. దగ్గరకు వచ్చాక చెమటలోని ల్యాక్టిక్ ఆమ్లం వంటి వాసనలు, ఒంటి వేడి, చర్మం మీది తేమ దారి చూపుతాయి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమ సుమారు 70 సెంటీమీటర్ల దూరం నుంచి శరీరపు పరారుణ కిరణాలను కూడా గుర్తించగలదని 2024లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అదే జాతి దోమ ఊపిరి వాసన తగిలాక ఎరుపు, నారింజ, నలుపు రంగుల వైపు వెళ్తుందనీ, తెలుపు, ఆకుపచ్చ రంగులను పెద్దగా పట్టించుకోదనీ 2022 నాటి మరో అధ్యయనంలో తేలింది. లేత రంగు, వదులైన, ఒళ్లంతా కప్పే నూలు బట్టలు వేసుకోమనడానికి ఇదొక కారణం. బిగుతుగా ఉండే బట్టల మీంచి దోమ సూటిగా కుట్టేయగలదు.

సాధారణ ఫ్యాన్ మంచి రక్షణ ఇవ్వడం వెనుక ఉన్నదీ ఈ లెక్కే. టేబుల్ ఫ్యాన్ గాలి సెకనుకు రెండు మీటర్ల వేగంతో వచ్చినా, గంటకు ఏడు కిలోమీటర్లు దాటినట్టే. దోమ ఆ గాలికి ఎదురు ఈదలేదు. పైగా ఊపిరి చారను ఫ్యాన్ చెదరగొడుతుంది కనుక దోమకు దారీ దొరకదు. సాయంత్రం ఆరుబయట భోంచేసేటప్పుడు కాటు ఎక్కువగా బల్ల కింద, మడమల దగ్గర పడుతుంది. అక్కడ గాలి ఆడదు. కాబట్టి ఫ్యాన్‌ను కాళ్ల వైపు తిప్పడం, సాక్సులు వేసుకోవడం మేలు.

ఒంటికి రాసుకునేవి

నమ్మదగిన దోమల నివారిణులు కొన్నే. అమెరికా సైన్యం కోసం 1944లో రూపొందిన డీట్, తరువాత వచ్చిన పికారిడిన్, ఐఆర్3535, నిమ్మ యూకలిప్టస్ నుంచి తీసే పీఎండీ. ఇవి దోమను చంపవు. మన వాసనను అది సరిగా గుర్తించకుండా, చర్మం మీద వాలకుండా చేస్తాయి. డీట్ శాతం పెరిగితే ప్రభావం బలంగా మారదు, ఎక్కువసేపు నిలుస్తుంది. 10 శాతం మందు సుమారు రెండు గంటలు, 30 శాతం మందు సుమారు ఐదు గంటలు పనిచేస్తుంది. 50 శాతం దాటాక అదనపు లాభం దాదాపు ఉండదు. డీట్ ప్లాస్టిక్‌ను, కొన్ని కృత్రిమ దారాలను కరిగిస్తుంది. కళ్లద్దాలు, వాచీ, ఫోన్ కవర్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవాలి. పికారిడిన్‌తో ఆ ఇబ్బంది లేదు.

• ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక దోమల మందు. ఈ వరుస మార్చకూడదు. డీట్ వల్ల సన్‌స్క్రీన్ రక్షణ దాదాపు మూడో వంతు తగ్గవచ్చు కాబట్టి నీడ, టోపీ కూడా అవసరమే.
• రెండూ కలిపిన క్రీములు వద్దు. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి, దోమల మందు అన్నిసార్లు అక్కర్లేదు.
• సముద్రంలో ఈత కొట్టాక, బాగా చెమట పట్టాక మళ్లీ రాసుకోవాలి. రాయకుండా వదిలిన చోటే దోమ కుడుతుంది.
• రెండు నెలల లోపు పసిపిల్లలకు డీట్ వద్దు. మూడేళ్ల లోపు వారికి పీఎండీ వద్దు. పిల్లల చేతులకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర రాయకూడదు. పసిబిడ్డల బండికి దోమతెర కట్టడమే మంచిది.

గదిలో, వాకిట్లో

గది తీసుకునే ముందు కిటికీలకు జాలీ ఉందో లేదో అడగడం మంచిది. గ్రీకు భాషలో దాన్ని సీతా అంటారు. జాలీ లేకపోతే పొద్దు వాలక ముందే కిటికీలు మూసి ఏసీ వేసుకోవాలి. లేదా దోమతెర వాడాలి. తెరను పరుపు కిందికి దోపాలి. దోమల చుట్టను అక్కడ ఫిడాకి, అంటే ‘చిన్న పాము’ అంటారు. దాని పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆరుబయటే వెలిగించాలి.

టైగర్ దోమ సాధారణంగా పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్ల కంటే దూరం పోదు. అంటే పగలు వాకిట్లో అది కుడుతోందంటే, అది పుట్టిన నీళ్లు దగ్గర్లోనే ఉన్నాయన్నమాట. పూలకుండీ కింది పళ్లెం, పిల్లల బకెట్, మూలనున్న మట్టి జాడీ, మూత లేని డ్రమ్ము చూడండి. వేసవిలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి ఆ నీళ్లు పారబోస్తే లార్వాలు దోమలయ్యే అవకాశమే ఉండదు.

డబ్బు దండగ అయ్యేవీ కొన్ని ఉన్నాయి. అతిధ్వనులతో దోమలను తరిమేస్తాయనే పరికరాలు వాటిలో ఒకటి. 2007లో పది క్షేత్ర పరీక్షలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో వాటి వల్ల కాట్లు తగ్గిన దాఖలా లేదు. వెల్లుల్లి, బి1 విటమిన్ మాత్రలు తింటే దోమలు రావన్నదీ పరీక్షలకు నిలవలేదు. నీలికాంతి దీపాలకు చచ్చేవాటిలో దోమల కంటే ఇతర పురుగులే ఎక్కువ.

మన వెంట వెళ్లే వైరస్

1927, 1928లలో గ్రీస్‌లో డెంగీ విజృంభించి సుమారు పది లక్షల మందికి సోకింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. అప్పుడు దాన్ని మోసిన ఏడిస్ ఈజిప్టై తరువాత ఆ దేశం నుంచి కనుమరుగైంది. ఇప్పుడున్న టైగర్ దోమ కూడా డెంగీని మోయగలదు. దానికి కావలసిందల్లా వైరస్ ఉన్న ఒక మనిషి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వానాకాలంలో డెంగీ సోకి, జ్వరం రాకముందే విమానమెక్కిన వ్యక్తి ఆ మనిషి కావచ్చు. జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి సుమారు వారం వరకు అతని రక్తం దోమకు వైరస్‌ను అందించగలదు. అందుకే డెంగీ ఉన్న ప్రాంతం నుంచి వచ్చినవారు, ఒంట్లో బాగానే ఉన్నా, మూడు వారాలు దోమకాటు పడకుండా చూసుకోవాలన్నది ప్రయాణ వైద్యుల సలహా. ఒంటికి రాసుకున్న మందు ఆ దీవి వాళ్లకూ రక్షణే.

కాటు పడితే మంచు ముక్క అద్దడం, యాంటీ హిస్టమిన్ వాడటం దురదను తగ్గిస్తాయి. గోకితే పుండు పడుతుంది. వెస్ట్ నైల్ లక్షణాలు కాటు పడ్డ 2 నుంచి 14 రోజుల్లో, డెంగీ లక్షణాలు 4 నుంచి 10 రోజుల్లో బయటపడతాయి. అంటే సెలవులు ముగిసి ఇంటికి చేరాకే జ్వరం రావచ్చు. అప్పుడు వైద్యునికి ఎక్కడెక్కడ తిరిగారో తేదీలతో చెప్పాలి. డెంగీ కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడకూడదు, అవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం ఉంటే క్షణం ఆలస్యం చేయకూడదు. గ్రీస్‌లో ఉంటే అత్యవసర నంబరు 112.