చప్పుడు తగ్గించే పని: ఓ మేస్త్రి అనుభవ పాఠాలు

విజయవాడ ఆటోనగర్‌లో సైలెన్సర్ పని మొదలుపెట్టి నలభై ఏళ్లు కావస్తోంది. ఒకప్పుడు తుప్పుపట్టి చిల్లులు పడ్డ డబ్బాలకు అతుకులు వేయించుకోవడానికే కార్లు వచ్చేవి. ఇప్పుడు కుర్రాళ్లు వచ్చి "బాబాయ్, సౌండ్ పెంచు" అంటున్నారు. ఆర్నెల్లు తిరక్కుండా వాళ్లలో చాలామంది మళ్లీ వచ్చి "ఈ మోత భరించలేకపోతున్నాం, ఎలాగైనా తగ్గించు" అంటారు. అలా రెండోసారి వచ్చేవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

1. వీధి చివర నిలబడి వినండి

ఒక కుర్రాడి కారుకు నేనే డబ్బా తీసేసి నేరుగా గొట్టం వేశాను. సుత్తి దెబ్బల మధ్య, గ్రైండర్ల రొదలో ఆ చప్పుడు నాకు ముచ్చటగానే వినిపించింది. ఆ అబ్బాయి డ్యూటీ దిగి ఇంటికి చేరేది రాత్రి పదకొండింటికి. నెల తర్వాత ఆ వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకాయన నా షెడ్డు వెతుక్కుంటూ వచ్చారు. కోప్పడలేదు. "మా ఆవిడకు గుండె ఆపరేషన్ అయింది బాబూ. ఆ కారు వీధి మలుపు తిరిగిందంటే ఉలిక్కిపడి లేచి కూర్చుంటోంది" అన్నారు. ఆ సాయంత్రమే కుర్రాణ్ణి పిలిచి, పైసా తీసుకోకుండా పాత డబ్బా బిగించాను. అప్పట్నుంచి ఏ బండినైనా అప్పగించే ముందు నేను షెడ్డు దాటి వీధి చివరి దాకా నడిచి, అక్కడ నిలబడి వింటాను.

2. ఏ చప్పుడో తేల్చుకోకుండా డబ్బు ఖర్చు పెట్టకండి

మోత ఎక్కువైందనగానే కొత్త డబ్బా కొనేస్తారు. ముందు రోగం తెలియాలి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్‌మని కొట్టి, వేడెక్కాక తగ్గిందంటే ఇంజన్‌ను ఆనుకుని ఉండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకు ఉందేమో చూడాలి. ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటుంది కాబట్టి చప్పుడు తగ్గుతుంది. జాయింట్ల దగ్గర నల్లటి మసి చారలు కనిపిస్తే గ్యాస్ అక్కణ్ణుంచే తన్నుకొస్తోందని గుర్తు. గొట్టం చల్లగా ఉన్నప్పుడే సబ్బునీళ్లు రాసి, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి చూడండి, బుడగలు వచ్చే చోటు దొరికిపోతుంది. చాలాసార్లు ఒక గాస్కెట్‌తోనో రెండు బోల్టులతోనో పోయే జబ్బే అది.

3. లీకు చెవికే కాదు, ప్రాణానికీ ప్రమాదం

ఎగ్జాస్ట్ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కారు కింద జాయింటు వదులైతే ఆ గ్యాస్ లోపలికి చేరగలదు. అద్దాలు ఎక్కించి, వెనక సీట్లో పిల్లల్ని పడుకోబెట్టి దూరప్రయాణం చేస్తాం కదా. ప్రయాణంలో తలనొప్పి, వికారం వస్తే వెంటనే బండి ఆపి, అందరూ గాలిలోకి దిగండి. లీకు ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది, ఇంజన్ అవసరానికి మించి పెట్రోల్ తాగుతుంది.

4. లోపల గుమ్మనే మోతకు లెక్కుంది

బయట బాగానే ఉంటుంది, హైవే ఎక్కి ఒక స్పీడుకు రాగానే కారు లోపల గుమ్మని చెవులు దిమ్మెక్కుతాయి. దీన్ని డ్రోన్ అంటారు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో తిప్పుకు రెండుసార్లు ఇంధనం మండుతుంది. నిమిషానికి 3000 తిప్పులంటే సెకనుకు 100 దెబ్బలు. మూడు సిలిండర్లయితే 75. ఆ దెబ్బల లెక్క కారు లోపలి గాలి కంపించే లెక్కతో కలిసిందంటే మోత పెరుగుతుంది. అందుకని మోత ఏ ఆర్‌పీఎమ్ దగ్గర మొదలై ఎక్కడ ఆగుతోందో రాసుకుని తీసుకురండి. దాన్ని బట్టి మెయిన్ గొట్టానికి పక్కన, చివర మూసేసిన మరో గొట్టం అతికిస్తాం. ఆ శబ్దపు అల పొడవులో నాలుగో వంతు ఉండాలి ఆ గొట్టం. 100 దెబ్బల మోతకు గ్యాస్ వేడిని బట్టి సుమారు 4 అడుగులు పడుతుంది. లోపలికి వెళ్లిన అల తిరిగొచ్చి, ఎదురొచ్చే అలను కొట్టేస్తుంది. అంత చోటు లేకపోతే మధ్యలో రెజొనేటర్ అనే మరో డబ్బా వేయించాలి. ఆ లెక్క వేయకుండా డబ్బాలు మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, మోత పోదు.

5. డబ్బా లోపల ఏముందో అడిగి తీసుకోండి

కంపెనీ డబ్బాల్లో చాలావాటికి లోపల గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. శబ్దం గోడలకు తగిలి, వంకలు తిరిగి నీరసపడుతుంది. బయట దొరికే ఫ్రీ ఫ్లో డబ్బాల్లో చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ కుక్కి ఉంటుంది. నాసిరకం సరుకైతే వేడికి కాలిపోయి పొడిపొడిగా బయటికి ఊడిపోతుంది. కొన్నప్పుడు బాగుండి నెలనెలా మోత పెరిగిందంటే కారణం ఇదే. విప్పి మళ్లీ ప్యాకింగ్ చేసే వీలున్నదే తీసుకోండి.

6. రబ్బర్లను మరవకండి

ఎగ్జాస్ట్ మొత్తం రబ్బరు కొక్కేలకు వేలాడుతుంది. ఎండిపోయిన రబ్బరు తెగితే, కొత్త గొట్టం ఛాసిస్‌కో వెనక యాక్సిల్‌కో తగిలితే, ఆ అదురు బాడీ అంతా పాకుతుంది. గొట్టానికి చుట్టూ రెండు వేళ్లు పట్టే సందుండాలి.

7. చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టు కాదు

చిన్న ఇంజన్ కార్లకు డబ్బా మార్చినంత మాత్రాన పికప్ రాదు. చప్పుడు విని బండి దూకుతోందని మనసు అనుకుంటుంది. ఇంకా పొరపాటు క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేయడం. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది, విష వాయువుల్ని శుభ్రం చేసేది అదే, కొంత చప్పుణ్ణీ అదే మింగుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో దాన్ని తీస్తే డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ పరీక్ష దగ్గర బండి నిలబడిపోతుంది. ఎంత అడిగినా నేను ఆ పని చేయను.

8. కొలిచి చూసుకోండి

బండి నిలిపి కొలిచేటప్పుడు సైలెన్సర్ నోటికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెట్టడం పద్ధతి. ఫోన్‌లోని యాప్ నిక్కచ్చిగా చెప్పదు గానీ, పనికి ముందు, పని తర్వాత అదే చోట, అదే ఆర్‌పీఎమ్ దగ్గర కొలిస్తే తేడా తెలుస్తుంది. 3 డెసిబెల్స్ తగ్గితే శబ్ద శక్తి సగమైనట్టే, అయినా చెవికి అంతగా తెలియదు. 10 తగ్గితేనే మోత సగమైనట్టు అనిపిస్తుంది.

9. చట్టం మనకోసమే ఉందనుకోండి

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రులు, బడుల చుట్టూ 100 మీటర్ల దాకా ఇంకా తక్కువ. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్ద నిబంధన మీరితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలలు లైసెన్సూ పోతుంది. జరిమానా కట్టేస్తే మనకు తీరిపోతుంది. పక్కింట్లో నిద్ర చెడిన పసిబిడ్డకు ఆ రాత్రి తిరిగి రాదు.

10. పాత డబ్బా పారేయకండి

అన్నిటికన్నా చవకైన మందు ఇదే. కంపెనీ ఇచ్చిన సైలెన్సర్‌ను ఆ ఇంజన్‌కు, ఆ బాడీకి సరిపడా లెక్క కట్టి చేస్తారు. దాన్ని తూకానికి అమ్ముకున్నవాళ్లు మళ్లీ కొనడానికి వేలకు వేలు పోస్తున్నారు. నా షెడ్డు అటక మీద పది పన్నెండు పాత డబ్బాలున్నాయి. ఒక్కోదాని మీద బండి నంబరు సుద్దముక్కతో రాసి పెట్టాను. ఆ కుర్రాళ్లు ఏదో ఒకరోజు వస్తారని నా నమ్మకం.

మీ పాత డబ్బా కూడా ఇంట్లో ఏ మూలో పడి ఉంటే దుమ్ము దులిపి తీసుకెళ్లండి. బిగించడానికి పూట పని కూడా కాదు. ఆ రాత్రి మీ బండి వచ్చిన సంగతి మీ ఇంట్లోవాళ్లకు తప్ప వీధిలో ఎవరికీ తెలియకూడదు. అప్పుడు పని సరిగ్గా అయినట్టు.