మన ఇంటి భోషాణం

భో-షా-ణం. కూడబలుక్కుని చదవండి. మూడే అక్షరాలు. వస్తువు మాత్రం చాలా పెద్దది. నలుగురు పట్టినా ఓ పట్టాన లేవదు.

భోషాణం అంటే పెద్ద చెక్కపెట్టె. పైన మూత ఉంటుంది. మూతకి ఇత్తడి బందులు, గొళ్ళెం ఉంటాయి. వెనకటి రోజుల్లో ఇళ్ళల్లో ఇనప బీరువాలు లేవు. బట్టలు, కంచు గిన్నెలు, కాగితాలు, డబ్బు అన్నీ ఇందులోనే దాచేవారు. రాత్రి దాని మీదే పక్క వేసుకుని పడుకునేవారు. దొంగ మూత తియ్యాలంటే ముందు మనిషిని లేపాలి!

మీ ఇంట్లో భోషాణం లేకపోవచ్చు. పందిరిమంచమో, ఉయ్యాల బల్లో, పడక్కుర్చీయో, పెళ్ళినాటి చిన్న పెట్టో ఉండొచ్చు. ఈ పాఠం వాటికీ పనికొస్తుంది.

ఇలాంటి సామాను ఎక్కువగా టేకుతో చేసేవారు. గోదావరి అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి, నది మీద రాజమండ్రి దాకా తెచ్చేవారు. చెట్టు నడుమ ఉండే గట్టి భాగాన్ని చేవ అంటారు. టేకు చేవలో నూనె ఉంటుంది. అందుకే చెదలు దాన్ని తొందరగా ముట్టవు. చేవ చుట్టూ ఉండే తెల్లటి చెక్కని మాత్రం పురుగు తింటుంది.

ఇప్పుడు అంత చేవ ఉన్న కర్ర కొనడం మాటలు కాదు. ఆ సంగతి పాతసామాన్లు కొనేవాళ్ళకి బాగా తెలుసు. వాళ్ళ బేరం ఎలా ఉంటుందో చదవండి.

"పెద్దమ్మా, ఆ పాతపెట్టె ఎందుకు నీకు? పురుగు పట్టింది చూడు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఇస్తాను. ఇచ్చెయ్."

"ఇచ్చేద్దాం అత్తా. ఇల్లు ఇరుగ్గా ఉంది" అంది కోడలు.

"పురుగు పట్టిన పెట్టె నీకెందుకు నాయనా?" అంది పెద్దమ్మ.

బండివాడు బదులు చెప్పలేదు. "పోనీ మూడు కుర్చీలు తీసుకో" అన్నాడు.

చూశారా? తమిళనాడులో కారైకుడి అనే ఊరుంది. అక్కడ పాత ఇళ్ళ సామాను అమ్మే వీధే ఉంది. తలుపులు, పెట్టెలు, స్తంభాలు కొనడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అమ్మడం తప్పు కాదు. అవసరం ఎవరికైనా వస్తుంది. కానీ నలుగురిని ధర అడగాలి. తొందరపెట్టేవాడికి అమ్మకూడదు.

ఇంకో మాట. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు మీకిచ్చిన పెట్టె మీ స్త్రీధనం. అది మీ సొంతం. భర్తతో ఉమ్మడి ఆస్తి కాదు. 1985లో సుప్రీంకోర్టు ఈ మాట తీర్పులో చెప్పింది. మిమ్మల్ని అడక్కుండా దాన్ని అమ్మే హక్కు ఎవరికీ లేదు.

సరే, ఉంచుకున్నాం. మరి దాన్ని ఎలా చూసుకోవాలి?

మనం పాడు చేసేది ఎక్కువగా పండగ ముందే. సంక్రాంతి వస్తోందంటే ఇల్లంతా కడుగుతాం. ఆ ఊపులో పెట్టె మీద కూడా బిందెడు నీళ్ళు గుమ్మరిస్తాం. సబ్బుపొడి వేసి పీచుతో తోముతాం. తర్వాత ఎర్రటి ఎండలో పెడతాం. నీళ్ళు తాగితే చెక్క ఉబ్బుతుంది. ఎండకి ముడుచుకుంటుంది. ఇలా ఉబ్బి, ముడుచుకుని చివరికి బీటలు వారుతుంది. అతుకులు వదులవుతాయి.

పాత పంచె ముక్క చాలు. పొడిగుడ్డతో వారానికోసారి దుమ్ము తుడవండి. నగిషీల సందుల్లో మెత్తటి కుంచెతో దులపండి. జిడ్డు పట్టిందా? గుడ్డని నీళ్ళలో ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండండి. ఒక జానెడు మేర తుడవండి. వెంటనే పొడిగుడ్డతో ఒత్తండి. ఆ తర్వాతే ఇంకో జానెడు.

ఇత్తడి బందుల్ని చింతపండుతో తోమాలని మనకి చెయ్యి దురద పెడుతుంది. గిన్నెలకైతే బాగానే ఉంటుంది. పెట్టె మీద వద్దు. ఆ పులుసు చెక్కలోకి దిగి మచ్చ చేస్తుంది. ఇత్తడిని పొడిగుడ్డతో రుద్దండి. మరీ మెరవకపోయినా ఫరవాలేదు.

పాత సామాను మీద మెరిసే పూత చాలావరకు లక్క. లక్కని స్పిరిట్‌లో కరిగించి పూసేవారు. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేది కూడా లక్కే. లక్కకి వేడి పడదు. వేడి గిన్నె పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. స్పిరిట్, చేతులకి రాసుకునే శానిటైజర్ పడితే పూత కరుగుతుంది.

నిగనిగలాడాలని కొందరు కొబ్బరినూనె రాస్తారు. ఆ నూనె ఆరదు. జిగటగా ఉండి దుమ్మును పట్టేస్తుంది. దానికన్నా తేనెమైనం మంచిది. మైనాన్ని సన్నగా తురమండి. ఒక వంతు మైనానికి మూడు వంతుల టర్పెంటైన్ పోసి, సీసా మూత పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో కరిగి మెత్తగా అవుతుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకండి. టర్పెంటైన్ భగ్గున అంటుకుంటుంది. గుడ్డతో కొంచెమే తీసుకుని పల్చగా రాయండి. పావుగంట ఆగి పొడిగుడ్డతో రుద్దండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. వడ్రంగి అవిసెనూనె రాస్తే, ఆ నూనెగుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యనివ్వకండి. అవి తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి, బయట ఆరెయ్యాలి.

ఇక పురుగు సంగతి. రెండు రకాలున్నాయి. రెండింటికీ మందు ఒకటి కాదు.

చెదలు నేలలోంచి వస్తాయి. మట్టితో సన్నటి గొట్టాల్లాగా దారి కట్టుకుని పైకి పాకుతాయి. తడి ఉంటేనే బతుకుతాయి. కాబట్టి పెట్టె కింద రాళ్ళు పెట్టి ఎత్తండి. గోడకి నాలుగు వేళ్ళ ఎడం ఉంచండి. మట్టి దారి కనిపిస్తే దులిపితే సరిపోదు. పుట్ట నేలలో ఉంటుంది. తెలిసినవాళ్ళని పిలిచి నేలకి మందు వేయించాలి. ఒకప్పుడు గమాక్సిన్ పొడి చల్లేవారు. ఆ మందుని ప్రభుత్వం 1997లో నిషేధించింది. పాత డబ్బా ఇంట్లో ఉంటే వాడకండి.

రెండోది పుచ్చు. చెక్కకి గుండుసూది పట్టేంత చిల్లులు పడతాయి. కింద పిండిలాంటి పొడి రాలుతుంది. ఆ పొడి తుడిచేసి, చిల్లుల చుట్టూ సుద్దముక్కతో గీత గియ్యండి. రెండు మూడు వారాలు చూడండి. పొడి రాలకపోతే అది పాత పుచ్చు కావచ్చు. అయినా వానాకాలం వెళ్ళేదాకా కనిపెట్టి ఉండండి. మళ్ళీ రాలితే లోపల పురుగు ఉంది. వడ్రంగిని పిలిచి చిల్లుల్లోకి సూదితో మందు ఎక్కించండి. కిరసనాయిలు పొయ్యకండి. లోపలి పురుగు దాకా చేరదు, నిప్పు భయం మిగులుతుంది.

పెట్టె లోపల కలరా ఉండలు వేస్తే పిల్లలకి అందనివ్వకండి. బిళ్ళలనుకుని నోట్లో పెట్టుకుంటారు.

వానాకాలంలో సొరుగు బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టించకండి. ఎండలొస్తే అదే వదులవుతుంది. ఈలోగా అంచులకి కొవ్వొత్తి రుద్దండి, జారుతుంది. అతుకు ఊడితే ఇనపమేకు దిగ్గొట్టకండి. మన పాత వడ్రంగులు ఒక చెక్క కొసని ఇంకో చెక్క బెజ్జంలో దూర్చి బిగించేవారు. మేకు కొడితే ఆ చోటే చీలుతుంది.

పాత రంగు ఉంటే గీకకండి. గరుకు కాగితంతో రుద్దకండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతే చాలా చెరుపు. ఇంటి రంగుల్లో సీసానికి గట్టి హద్దు పెట్టింది 2017 నవంబరు నుంచే.

ఇప్పుడు పలక పక్కన పెట్టి, ఒక అట్టముక్క తీసుకోండి. దాని మీద ఈ నాలుగూ రాయండి:

ఇది ఏ కర్ర?
ఎవరు ఇచ్చారు?
ఎవరికి ఇచ్చారు?
ఏ సంవత్సరంలో?

సంవత్సరం తెలియకపోతే అత్తనో, అమ్మమ్మనో అడగండి. "పెద్ద తుఫాను వచ్చిన ఏడు" అన్నా సరే, అలాగే రాయండి. కింద మీ పేరు రాసి సంతకం పెట్టండి. జిగురు పెట్టి అంటించకండి, పూత పోతుంది. అట్టని మూత లోపలి అంచున దోపండి.