నీడ కూడా పొరుగువారి హక్కే

మదీనాలో మస్జిదె నబవీకి ఎదురుగా 'బైరుహా' అనే తోట ఉండేది. అది హజ్రత్ అబూ తల్హా (రజి) గారిది. తన ఆస్తి అంతటిలోకీ ఆయనకు అదే ఎక్కువ ప్రీతిపాత్రమైనది. దైవప్రవక్త (సఅసం) ఆ తోటలోకి వెళ్ళి అక్కడి తియ్యని నీరు త్రాగుతూ ఉండేవారు. ప్రియమైన వాటిని దైవమార్గంలో ఖర్చుపెట్టనంతవరకు పుణ్యస్థాయికి చేరుకోలేరని తెలిపే ఆలి ఇమ్రాన్ సూరా 92వ ఆయతు అవతరించినప్పుడు, అబూ తల్హా (రజి) ఆ తోటనే దానం చేశారు. (బుఖారీ, ముస్లిం)

ఈ హదీసును మనం సాధారణంగా దానధర్మాల పాఠంగానే చదువుతాము. కాని ఇందులో మరో విషయం కూడా ఉంది. తోట ఒకరిదే అయినా దాని నీరు, నీడ యజమాని ఒక్కరికే పరిమితం కాలేదు. నివాసాల నడుమ పచ్చదనం ఉండటం, దాని మేలు ఇరుగుపొరుగుకు అందటం ఆనాటి మదీనా జీవితంలో భాగం.

నీడ విషయంలో ప్రవక్త (సఅసం) ఎంత గట్టిగా హెచ్చరించారో చూడండి. ప్రజలు నడిచే దారిలోనూ, వారు సేదతీరే నీడలోనూ మలమూత్ర విసర్జన చేయటం శాపానికి కారణమవుతుందని ఆయన చెప్పినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. (ముస్లిం) దీనికి కారణం స్పష్టమే. నీడ అందరిదీ. దాన్ని పాడుచేస్తే అక్కడ కూర్చునే ప్రతి ఒక్కరికీ బాధ కలుగుతుంది. చెట్టు క్రింద చెత్త కుమ్మరించటం, బస్తీ పార్కులో కొంత జాగాను ఇంట్లో కలుపుకోవటం, చెరువులో మట్టి పోసి ప్లాట్లు చేయటం కూడా ప్రజలను బాధించే పనులే. ఇవి హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కులకు సంబంధించినవి. కేవలం నోటితో తౌబా చేస్తే సరిపోదు, హక్కును తిరిగి అప్పగించాలి.

ఒక బస్తీ మస్జిదులో మేము కళ్ళారా చూసిన సంగతి ఇది. ఆకులు రాలుతున్నాయని వుజూఖానా ప్రక్కనున్న వేపచెట్టును కొట్టించారు. ఆవరణ శుభ్రంగానే కనిపించింది. కాని అస్ర్ తర్వాత ఆ చెట్టు క్రింద కూర్చుని మగ్రిబ్ కోసం ఎదురుచూసే వృద్ధులు ఇళ్ళకు వెళ్ళిపోసాగారు. ఎండలో వారెక్కడ కూర్చుంటారు? ఊడ్చటానికి బద్ధకించి మనం వారిని మస్జిదుకే దూరం చేశామని మాకనిపించింది.

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తినప్పుడు, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టునెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ మొక్క నాటిన వ్యక్తి ఎవరో మనకు తెలియదు, అల్లాహ్‌కు తెలుసు. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అది అతనికి సదఖా అవుతుందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలుపుతోంది. (బుఖారీ, ముస్లిం)

కనుక మనం చేయవలసినవి:

1. వుజూ చేసిన నీటిని మొక్కలకు మళ్ళించాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఆ నీటితో మళ్ళీ వుజూ చేయరాదు గాని, అది అశుద్ధం కాదు.

2. పార్కులో, చెరువు గట్టున ఆడవారు, పిల్లలు నిశ్చింతగా కూర్చునేలా చూడాలి. అక్కడ గుంపులు కట్టి అల్లరి చేయవద్దని మన యువకులకు నచ్చజెప్పాలి.

3. చెట్టు కొట్టక తప్పనప్పుడు, ముందుగా దాని నీడలో కూర్చునేవారిని సంప్రదించాలి. మరోచోట మొక్క నాటి పెంచాలి.

మన వల్ల ఇరుగుపొరుగుకు చల్లదనమే గాని బాధ కలగకుండా అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.