మైదానము చేపట్టిన మేనల్లునకు

మహదేవపురము



నీ ఉత్తరము అందినది. గోదావరి కావలనున్న మీ సిరొంచలోని ఆటల మైదానమును, దాని నానుకొని నాటకములకును సభలకును వినియోగపడు ఆవరణమును కనిపెట్టి చూచు బాధ్యతను పెద్దలు నీ చేతిలో నుంచిరని విని మీ అత్తయ్య వాడకట్టంతయు చాటివచ్చినది. సంతోషమే. అయితే నీ ఉత్తరమునందు జనమును రప్పించు ఉపాయములు కొల్లలుగా నున్నవి గాని, వచ్చిన జనమును తిరిగి పంపు మాట యెక్కడను కానరాలేదు. రప్పించుటకేమి? ఆటోకు మైకు కట్టి అంకీసా దాక, ఆసరెల్లి దాక ఒకనాడు త్రిప్పిన చాలును. వినోదమునకు మొగము వాచియున్న పల్లెలు తమంతట తామే కదలివచ్చును. మైదానము చూచువాని ప్రజ్ఞ తెలియునది ఆట ముగిసి వేలమంది ఒక్కమారుగ లేచి నిలుచున్న ఘడియలో. కావున ఏ కార్యక్రమమునైనను తుదినుండి మొదటికి ఆలోచించుట అలవరచుకొనుము: ఆఖరి మనిషి ఇల్లు చేరుట యెట్లను ప్రశ్నతో ప్రారంభించి, మొదటి టిక్కెట్టు అమ్ముట యెట్లను ప్రశ్నకు పిదప రమ్ము.

ఈ విద్య మీ జిల్లాకు క్రొత్త కాదు. ఉత్తరపు కొసనున్న వడసా కేంద్రముగ వర్ధిల్లుచున్న ఝాడీపట్టీ మరాఠీ నాటకములను నీ వెరుగుదువు. వరికోతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులాడు దినములలో, మండయి జాతరలకు తోడుగ ఊరూర పందిళ్ళు వేసి, రాత్రి భోజనములైన పిమ్మట తెరలేపి తెల్లవారుదాక ఆడుదురు. ఆ రంగస్థలమునకు జీవితమును ధారవోసిన పరశురామ్ ఖుణే గారికి 2023లో పద్మశ్రీ లభించినది. తెల్లవార్లు ఆడుట కేవలము కళాభిమానముచేత నని పట్టణవాసులు తలతురు. నాకు మాత్రము అందులో ఒక లోకజ్ఞత కనబడుచున్నది. నడిరేయి ఆట ముగిసినచో, అడవిదారి పట్టవలసిన స్త్రీలును బిడ్డలును వృద్ధులును ఏ వెలుగున ఇల్లు చేరుదురు? ప్రొద్దు పొడుచుదాక నాటకము సాగినచో ఆ చిక్కే లేదు. మా ఒడ్డున రాత్రులు రాత్రులు నడచిన యక్షగానములును, చిరుతల రామాయణములును ఇట్టివే. నేడు విద్యుద్దీపముల క్రింద వాలీబాల్ తుదిపోటీ నడిపి, అర్ధరాత్రి వేళ బహుమతులు పంచి, ‘ఇక దయచేయుడు’ అనుట నాగరకతగ చెల్లుబాటగుచున్నది. దీనికంటె ఆ పాతవారి లెక్కయే మేలని నా నిశ్చయము. చివరి బస్సు వేళ తెలిసికొనక తుదిపోటీ వేళ నిర్ణయింపకుము.

తిరుగుదారిని, కట్టడముల గట్టితనమును మరచినచోట ఏమగునో చెప్పుట అప్రియమే యైనను చెప్పక తప్పదు. రాజమహేంద్రవరమున 2015 జులై 14న, గోదావరి పుష్కరముల తొలిదినమున, పుష్కరఘట్టమువద్ద త్రొక్కిసలాటలో 27 మంది ప్రాణములు గోల్పోయిరి. సూర్యాపేటలో 2021 మార్చి 22న జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకై తాత్కాలికముగ కట్టిన గ్యాలరీ కూలి నూరుమందికి పైగా గాయపడిరి. హర్యానాలోని డబ్వాలీలో 1995 డిసెంబరు 23న, పాఠశాల వార్షికోత్సవమునాడు పందిరి యంటుకొనగా నాలుగువందలకు మించి మరణించిరి. వారిలో పెక్కురు పసివారు. ఢిల్లీలోని ఉపహార్ సినిమాశాల సంగతి మరింత ఆలోచింపదగినది. 1997 జూన్ 13న క్రిందిభాగమునందలి ట్రాన్స్‌ఫార్మరు అంటుకొనగా పొగ పైకెక్కినది. బాల్కనీలో అదనముగ కుర్చీలు వేసి నడవను ఇరుకు చేసియుండిరి. ఎనిమిది కుర్చీల ప్రత్యేకపు గది నొకదానిని ఇరికించి ఒక ద్వారమునే కప్పివేసిరి. మరణించిన 59 మందిలో అధికులను చంపినది మంట కాదు, ఊపిరాడనీయని పొగ. ఇట్టివి జరిగినప్పుడెల్ల ‘జనము వెర్రెత్తి పరుగెత్తిరి’ అని పత్రికలు వ్రాయుట పరిపాటి. నే నొప్పను. ప్రాణభయము కలిగినవాడు పరుగెత్తక పద్యము చదువునా? వానికి దారి చూపవలసినవాడు ముందుగ చూపలేదు, అంతియే.

కనుక పందిరివాడు వచ్చిననాడు నీవు దగ్గర నిలువుము. వాడు చుట్టును గుడ్డ బిగించి, అందమునకై ముందువైపున ఒక్క కమాను మాత్రము వదలును. ఎదురుగ రెండవదియు, ప్రక్కన మూడవదియు విడువుమనుము. ఆ ద్వారముల ముందర మిర్చిబజ్జీల బండిని గాని మోటారుసైకిళ్ళను గాని నిలువనీయకుము. జనరేటరు గుడ్డకు దూరముగను, డీజిలు డబ్బా జనరేటరుకు దూరముగను ఉండవలెను. గ్యాలరీ కట్టినచో, కట్టినవానినే పనివారితోసహా ముందుగ దానిపై కెక్కించి గంతులు వేయింపుము. వాడు ఎక్కుటకు వెనుదీసెనా, ఇంజనీరు పత్రము చూడనక్కరలేదు. ఆవరణమున ఎందరు సుఖముగ కూర్చుందురో ముందే లెక్కగట్టి, ఆ లెక్క నిండగనే టిక్కెట్టు కిటికీ మూయుము, బయట నిలిచినవాడు ఎమ్మెల్యేగారి బంధువైనను సరే. మైకువద్ద తెలుగుతోపాటు మరాఠీయు, మాడియా గోండుల భాషయు వచ్చినవారిని కూర్చుండబెట్టుము. సిరొంచలో తెలుగు తెలియనివా రెవరను ధీమా వలదు. భామరాగడ్ వైపునుండి వచ్చిన పసిపాప తప్పిపోయినప్పుడు, ఆ పిల్ల తల్లికి నీ తెలుగు ప్రకటన గాలిలో కలిసిన కేకయే.

ఇక నీ ఉత్తరములో నాకు నచ్చని మరియొక సంగతి. ఉత్సవములను గూర్చి అంత వ్రాసితివి, ఉత్తదినములను గూర్చి ఏమియు వ్రాయలేదు. ఉత్సవములు ఏడాదికి పట్టుమని పది దినములు. తక్కిన దినములన్నియు మైదానము ఎవరిది? పోలీసుభర్తీకై వేకువన పరుగెత్తు కుర్రవాండ్రది, బడి విడిచిన పిల్లలది, సాయంకాలము నాలుగడుగులు నడువవచ్చు ముసలివారిది. పెండ్లికి అద్దెకిచ్చిన మరునాడు పోయి చూడుము. పందిరి గుంజలు పెరికిన గుంటలు జానెడు లోతున నోళ్ళు తెరచుకొని యుండును. వానిపై పలుచగ మన్ను చల్లి పోవుట ఆ పనివారి అలవాటు. కూతకు పోయిన పిల్లవాని మడమ అందులో దిగబడినచో వాని కబడ్డీ ఆ యేటికి ముగిసినట్లే. కావున ధరావతు ముందుగ పుచ్చుకొని, ప్రతి గుంటను మన్నుపోసి నీరుపోసి దిమ్మిసతో కొట్టించిన పిదపనే తిరిగి యిమ్ము. వాలీబాల్ గుంజలను గూడ చూడుము. వల ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు. పెక్కుచోట్ల గుంజకు ఒక్క కొక్కెమే యుండును. అది మగపిల్లల ఎత్తుననే యుండును. ఆడపిల్లలు ఆ వలతోనే తంటాలుపడి, ఆట రాదను పేరు మోయుదురు. రెండవ కొక్కెమునకు అయ్యెడి వ్యయమెంత? అట్లే స్త్రీల మరుగుదొడ్డికి లోపలి గడియయు, నీటి వసతియు, దారిలో దీపమును లేనిచో, ఎన్ని ఆహ్వానపత్రికలు అచ్చువేసినను ఆడవారు రారు.

డబ్బు మాట క్లుప్తముగ చెప్పెదను: రసీదు లేక పైస తీసికొనకుము, నెలనెలకు లెక్క వ్రాసి గోడకు అంటింపుము.

వానకాలమున ఆటలు లేవని తాళము వేసి తాళపుచెవి ఊరికి కొనిపోకుము. 2022 జులైలో ప్రాణహితా గోదావరులు పొంగి మీ తాలూకా పల్లెల జనము ఇండ్లు విడిచి రావలసివచ్చిన సంగతి నీకు నేను చెప్పనేల? మిట్టమీద పైకప్పుగల ప్రతి ప్రజాశాలయు అట్టి దినమున ఆశ్రయమే. కావున తాళపుచెవి నీయొద్ద ఒకటి, ఊరిలో అందరికిని తెలిసిన మరియొకరి యింట ఒకటి యుండవలెను.

శివరాత్రికి నేను కాళేశ్వరము వచ్చి, మరునాడు వంతెన దాటి మీ యింటికి రాదలచితిని. ఆలోపల ద్వారముల వెడల్పులు కొలిచి నాకు వ్రాయుము. పెండ్లి పందిళ్ళ గుంటలు నేను వచ్చునప్పటికి పూడియుండవలెను.

ఇట్లు,
నీ మేలుకోరు మామయ్య